మొక్కల సారంతో లోహ నానోకణాలు – మూడవ పాఠం: రంగును నమ్మే ముందు

గత పాఠంలో వేపాకులను స్వేదనజలంలో మరిగించి వడపోసుకున్న కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంతో కలిపి వెండి నానోకణాలను, అంటే నానోమీటర్లలో (మీటరులో వందకోట్లవ వంతు) కొలిచే అతిచిన్న రేణువులను తయారుచేయడం, వచ్చినవి నిజంగా నానోకణాలేనా అని నిర్ధారించుకోవడం ఈ పాఠంలోని పని. ఇవి క్యాన్సర్ కణాలను చంపగలవా అన్న పరీక్ష తరువాతి పాఠంలో వస్తుంది గానీ, దాని ఫలితాన్ని నమ్మవచ్చా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

17 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్‌ను 100 మిల్లీలీటర్ల స్వేదనజలంలో కరిగిస్తే సుమారు 1 మిల్లీమోలార్ గాఢత గల ద్రావణం వస్తుంది. కుళాయి నీరు వాడకూడదు. అందులోని క్లోరైడ్ వెండి అయాన్లతో కలిసి తెల్లని అవక్షేపంగా అడుగుకు చేరుతుంది. చేతికి తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే ఈ ద్రావణం చర్మంపై పడితే ఏర్పడే నల్లని మచ్చ కడిగినా పోదు.

90 మిల్లీలీటర్ల ద్రావణాన్ని కలియబెడుతూ 10 మిల్లీలీటర్ల కషాయాన్ని నెమ్మదిగా పోయండి. కషాయంలోని పాలీఫినాల్స్, ఫ్లావనాయిడ్లు అనే మొక్కల రసాయనాలు వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లను అందించగా, తటస్థమైన పరమాణువులు గుంపుకట్టి కణాలుగా పెరుగుతాయి. మొక్క నుంచి వచ్చిన పదార్థాలే ఆ కణాల చుట్టూ పొరగా చేరి అవి ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతాయి. లేత పసుపుగా ఉన్న ద్రావణం క్రమంగా ముదురు గోధుమ రంగుకు మారుతుంది. కణాల ఉపరితలంలోని ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి కంపించడమే దీనికి కారణం. అందుకే ద్రావణం ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని ఎంత పీల్చుకుంటుందో గీసి చూపే యూవీ–విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో సాధారణంగా 400–450 నానోమీటర్ల మధ్య ఒక శిఖరం కనిపిస్తుంది. అది సన్నగా ఉంటే కణాల పరిమాణాలు దగ్గరదగ్గరగా ఉన్నాయని, వెడల్పుగా సాగి కుడివైపుకు జరిగితే కణాలు పెద్దవయ్యాయనో ముద్దకట్టాయనో అనుమానించాలి. బంగారమైతే శిఖరం 520 నానోమీటర్ల ప్రాంతంలో ఉండి ద్రావణం కెంపురంగులో ఉంటుంది. ఆ ఎరుపుకు అతిసూక్ష్మమైన బంగారు కణాలే కారణమని మైకేల్ ఫారడే 1857లోనే వివరించాడు.

అయితే రంగు ఒక్కటే సాక్ష్యం కాదు. కషాయం గాలి తగిలి తనంతట తానే ముదురుతుంది, సిల్వర్ నైట్రేట్ వెలుతురులో నల్లబడుతుంది. కాబట్టి ఒక్క ఫ్లాస్కుతో ఈ పని మొదలుపెట్టకండి. మిశ్రమం ఒకదానిలో, కషాయం–నీరు రెండవదానిలో, సిల్వర్ నైట్రేట్–నీరు మూడవదానిలో అవే పాళ్లలో తీసుకుని, మూడింటికీ అల్యూమినియం రేకు చుట్టి, ఒకే ఉష్ణోగ్రతలో ఉంచండి. మిశ్రమంలో మాత్రమే శిఖరం వచ్చినప్పుడే తరువాతి మెట్టు ఎక్కాలి. ఫ్లాస్కు ఫొటో చూపి చికిత్స దాకా వెళ్లిపోయే రాతలను నేను నమ్మను.

ఆ తరువాత మిశ్రమాన్ని సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి, కణాలు అడుగుకు చేరాక పైన తేరిన ద్రవాన్ని (పైతేటను) తీసేసి, అడుగున మిగిలినదాన్ని స్వేదనజలంలో మళ్లీ కలపండి. ఇలా మూడుసార్లు చేయాలి. మొదటిసారి వచ్చిన పైతేటను పారబోయకండి. చర్య జరగకుండా మిగిలిన వెండి అయాన్లు, కణాలకు అంటుకోని పాలీఫినాల్స్ అందులోనే ఉంటాయి. వెండి అయాన్లు ఏ పొరా లేకుండానే జీవకణాలను చంపగలవు, కనుక ఆ పైతేట కూడా క్యాన్సర్ కణాలను అంతే చంపితే ఆ ఘనత నానోకణాలది కాదు. ఇక పాలీఫినాల్స్ తెచ్చే చిక్కు దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఎన్ని జీవకణాలు బతికున్నాయో రంగును బట్టి లెక్కగట్టే ఎంటీటీ పరీక్షలో బతికున్న కణాలు పసుపు రంగు పదార్థాన్ని ఊదారంగుకు మారుస్తాయి, ఆ మార్పును పాలీఫినాల్స్ జీవకణాలేవీ లేకుండానే తేగలవు, అప్పుడు చచ్చిన కణాలు బతికున్నట్లు లెక్కలోకి వస్తాయి.

కడిగిన నానోకణాలను, పైతేటను, మిగిలిన రెండు ఫ్లాస్కులలోని ద్రావణాలను వేర్వేరు గోధుమరంగు సీసాలలో పోసి, పేరూ తేదీ రాసి, చల్లని చీకటి చోట ఉంచండి. నాలుగవ పాఠంలో ఈ నాలుగింటినీ క్యాన్సర్ కణాలపైనా ఆరోగ్యవంతమైన కణాలపైనా పక్కపక్కనే పరీక్షిస్తాం.