కాంట్రాస్ట్ రంగులు మరకలు కట్టకుండా: నా అనుభవం

ఇంగ్లీషు, ఫ్రెంచి సేనల మధ్య జరిగిన 1758 నాటి చందుర్తి యుద్ధం కోసం సిద్ధం చేస్తున్న 28 మి.మీ. సిపాయి బొమ్మల ఎర్ర కోట్ల మీద కాంట్రాస్ట్ రంగు (ఒకే పూతతో మడతల్లో ముదురుగా, మిట్టల మీద లేతగా కనిపించే పలుచని రంగు) మడతల్లోకి దిగకుండా, వెడల్పాటి చోట్ల మరకలుగా ఆరిపోయేది. ఆ యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ తరఫున పోరాడిన కర్నల్ ఫోర్డ్ సేన బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చి దిగింది మన విశాఖలోనే కనుక ఈ దళాన్ని సగంలో వదిలేయడానికి మనసొప్పలేదు. రంగు మార్చడం, నీళ్లు కలపడం, రెండో పూత వేయడం ఫలించలేదు.

అసలు లోపం అడుగు పూతలో ఉంది. వానాకాలపు తేమ గాలిలో స్ప్రే ప్రైమర్ గరుకుగా కూర్చుని రంగును పారనివ్వడం లేదు. అందుకని కుంచెతో వేసే బూడిదరంగు ప్రైమర్‌ను రెండు పలుచని పూతలుగా వేసి, రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు దంతపు తెలుపును పొడికుంచెతో మిట్టల మీద రుద్దాను. తరువాత రంగులో నీటికి బదులు కాంట్రాస్ట్ మీడియం (ఆ రంగును పలుచన చేసే ద్రవం) సగానికి సగం కలిపి, ఒక్కొక్క బొమ్మకు కోటు వరకే, పైనుంచి కిందికి ఆపకుండా వేశాను. అంచుల్లో నిలిచిన రంగును నిమిషంలోపే, తడిపి పిండిన కుంచెతో పీల్చేశాను. ఆరడం మొదలయ్యాక తాకితే మరక ఖాయం కనుక మళ్లీ ముట్టుకోలేదు. చేతి రాపిడికి ఈ రంగు మిట్టల మీద త్వరగా చెరిగిపోతుంది, కాబట్టి మ్యాట్ వార్నిష్ కూడా కుంచెతోనే పూశాను.

24 బొమ్మలు రెండు సాయంత్రాల్లో ముగిశాయి. అయితే ముడతలు నిండుగా ఉన్న లోహపు బొమ్మల మీదే దీన్ని పరీక్షించాను. నున్నని గుర్రాల మీద కూడా ఇంత బాగా వస్తుందని చెప్పలేను.