ఎండబెట్టిన మిరపకాయలు తడవకుండా

మే నెలలో మూడింటిదాకా నిప్పులు చెరిగే ఎండ, నాలుగింటికల్లా ఈదురుగాలి, ఉరుములు. కారానికని డాబా మీద పోసిన అయిదు కిలోల మిరపకాయలు రెండుసార్లు నానిపోయాక ఈ పద్ధతికి వచ్చాను.

కాయలను నేల మీద కాకుండా పాత నూలుచీర మీద పరుస్తాను. నాలుగు కొంగులూ పట్టుకుని ఎత్తితే ఒక్క నిమిషంలో మూట. మధ్యాహ్నం రెండింటికి వాతావరణ శాఖ ఇచ్చే మూడు గంటల హెచ్చరికలో మన జిల్లా రంగు చూస్తాను. పసుపో నారింజో అయితే ‘దామిని’ యాప్ తెరుస్తాను. చుట్టుపక్కల 20 నుంచి 40 కిలోమీటర్లలో పిడుగులు పడుతుంటే అది చూపిస్తుంది. 40 వలయంలో చుక్క కనబడగానే మూట కట్టేయడమే. పొద్దుటి పేపర్ సూచన ఈ పనికి రాదు.

ఫోనులో లొకేషన్ ఆపేసినా, గాలికి సిగ్నల్ పోయినా యాప్ మూగబోతుంది. అప్పుడు మెరుపు చూసి సెకనుకొకటి చొప్పున అంకెలు లెక్కపెట్టండి. 30 లోపే ఉరిమిందంటే పిడుగు దాదాపు పది కిలోమీటర్లలోనే ఉంది. ఇక కాయలు తడిస్తే తడవనివ్వండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా డాబా ఎక్కవద్దు.