నిలిచిపోయిన ఐటూసీ బస్‌ను డ్రైవర్ నుంచే విడిపించే విధానం

నల్లగొండ దగ్గరి ఒక బత్తాయి తోటలో, బోరు మోటారు స్టార్టర్ డబ్బా పక్కనే మేము బిగించిన నీటిమట్టం పెట్టె వారానికి రెండు మూడుసార్లు రీడింగులు ఇవ్వడం మానేసేది. బోర్డును రీసెట్ చేసినా ఫలితం ఉండేది కాదు. కరెంటు పూర్తిగా తీసి మళ్లీ ఇస్తేనే పనిచేసేది. ఇలాంటి లక్షణం కనిపిస్తే సెన్సర్‌ను మార్చడానికి ముందు బస్‌ను, అంటే సెన్సర్‌నూ ప్రాసెసర్‌నూ కలిపే ఐటూసీ తీగల జతను, అనుమానించాలి.

ఐటూసీలో బిట్లను మోసే డేటా, ఒక్కో బిట్‌కు లయ ఇచ్చే క్లాక్ అనే రెండు తీగలను పుల్-అప్ రెసిస్టర్లు పైకి, అంటే సరఫరా వోల్టేజీకి, లాగి ఉంచుతాయి. పరికరాలు వాటిని కిందికి లాగడమో, వదిలేయడమో మాత్రమే చేస్తాయి. మోటారు అందుకునే క్షణాన వోల్టేజీ కుంగి ప్రాసెసర్ రీసెట్ అవుతుంది, అంతకంటే తక్కువ వోల్టేజీకి తట్టుకునే సెన్సర్ మాత్రం బతికే ఉంటుంది. అప్పటికి అది సున్నా బిట్‌ను పంపుతూ ఉంటే, డేటా తీగను కిందికి పట్టుకుని తర్వాతి క్లాక్ కోసం ఎదురుచూస్తుంది. పాత సంగతి మరచి లేచిన ప్రాసెసరేమో, డేటా కింద ఉన్నందున కొత్త బదిలీని మొదలుపెట్టలేదు.

మొదట మల్టీమీటర్‌తో చూడాలి. క్లాక్ పైన ఉండి డేటా సున్నా దగ్గర ఉంటేనే ఈ వైద్యం పనికివస్తుంది. క్లాకే కింద ఉంటే పల్సులు పంపే దారి లేదు, సెన్సర్ రీసెట్ పిన్నునో సరఫరానో ఆశ్రయించవలసిందే.

ప్రాసెసర్ వైపు రెండు పిన్నులను ఓపెన్-డ్రెయిన్ జీపీఐఓలుగా (తీగను దించడం, వదలడం మాత్రమే చేసేలా ప్రోగ్రామే నేరుగా నడిపే పిన్నులుగా) మార్చి, క్లాక్‌ను 5 మైక్రోసెకన్లు దించి, 5 మైక్రోసెకన్లు వదలాలి. ఇలా గరిష్ఠంగా 9 పల్సులు చాలు, ఎందుకంటే 8 బిట్లు ముగిసి 9వ బిట్ వచ్చేసరికి, మన అంగీకారం కోసం సెన్సర్ తీగను వదిలి తీరాలి. అయితే ఉత్త పల్సులలో ఒక ప్రమాదం ఉంది: ఆగిపోయినది రాత మధ్యలోనైతే, ఈ పల్సులనే అదే బస్‌పై ఉన్న ఈఈప్రామ్ (కరెంటు పోయినా డేటాను దాచుకునే చిప్) కొత్త బైటుగా స్వీకరించి చెత్తను రాసుకోవచ్చు. అందుకే క్లాక్ కదిలిన కాస్త తర్వాత డేటాను కూడా అదే దిశలో కదిలించాలి; అప్పుడు సెన్సర్ తీగను వదిలిన ఆ పల్సులోనే, క్లాక్ పైన ఉండగా డేటా లేచి, బదిలీ ముగిసిందని చెప్పే స్టాప్ సంకేతం ఏర్పడుతుంది.

లినక్స్‌లో ఈ లూపును సొంతంగా రాయనక్కరలేదు. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ను వర్ణించే ఫైలులో) క్లాక్, డేటా రెండింటికీ జీపీఐఓలను చూపి, పిన్నుల పాత్రను మార్చే పిన్ కంట్రోల్‌లో జీపీఐఓ స్థితిని చేర్చి, అడాప్టర్‌కు (ప్రాసెసర్ వైపు ఐటూసీ కంట్రోలర్‌కు) లినక్స్ కెర్నెల్ ఇచ్చే సాధారణ రికవరీ ఫంక్షన్‌ను తగిలిస్తే సరిపోతుంది. డేటా జీపీఐఓను వదిలేస్తే పైన చెప్పిన స్టాప్ రక్షణ పోతుంది. రికవరీని పిలవవలసింది అడాప్టర్ డ్రైవరే (దాన్ని నడిపే సాఫ్ట్‌వేరే) తప్ప సెన్సర్ డ్రైవర్ కాదు. అదీ బదిలీ మొదట్లో డేటా కింద కనిపించినప్పుడే. ప్రతి టైమవుట్‌కూ పిలవడం, నా దృష్టిలో, అసలు లోపాన్ని కప్పిపుచ్చడమే.

పరీక్ష కోసం డేటాను తీగతో గ్రౌండ్‌కు కలపడం చాలామందికి అలవాటు. అది ఎన్ని పల్సులకూ విడిపోదు కనుక, డ్రైవర్ లోపాన్ని సరిగా తిప్పి పంపుతోందో లేదో మాత్రమే తెలుస్తుంది. నిజమైన చిక్కును సృష్టించడానికి కెర్నెల్‌లోని జీపీఐఓ ఫాల్ట్ ఇంజెక్టర్‌ను (కావాలని లోపాలు పుట్టించే సాధనాన్ని) వాడాలి. 9 పల్సులకూ లొంగకపోతే సెన్సర్ సరఫరాను రెగ్యులేటర్ ద్వారా ఆపి తిరిగి ఇవ్వాలి. అప్పుడు పుల్-అప్‌ల సరఫరాను కూడా ఆపాలి, లేకపోతే వాటి గుండా పిన్నుల్లోకి చేరే కొద్దిపాటి కరెంటుతోనే సెన్సర్ అరకొరగా మేలుకుని ఉండి, తీగను వదలదు.