నవంబరులో పాత డేటా వస్తోందా? ముందు రెండు టైములు చూడండి

సమస్య: నవంబరు మొదటి వారం. న్యూయార్క్ క్లయింట్ పొద్దున్నే రిపోర్టు తెరిస్తే నిన్నటివి కాకుండా అంతకు ముందు రోజు అంకెలు ఉన్నాయి. హైదరాబాద్ టీమ్ చూసుకునే జాబ్ (క్లయింట్ పెట్టే ఫైలు తీసుకుని రోజూ ఒక టైముకి దానంతటదే నడిచి రిపోర్టు తయారుచేసే ప్రోగ్రామ్) మాత్రం సక్సెస్ అనే చూపిస్తోంది. ఎర్రర్ మెయిల్ లేదు.

ముందు చూడాల్సింది: కోడ్ తెరవకండి. ఫైలు ఎన్నింటికి వచ్చింది, జాబ్ ఎన్నింటికి మొదలైంది, రెండూ ఐఎస్‌టీలో, అంటే మన టైములో, పక్కపక్కన రాయండి. రెండు నిమిషాల పని. ఇది వదిలేసి రాత్రంతా క్వెరీలు వెతికే టీమ్‌లను ఏటా చూస్తున్నాను.

కారణం: అమెరికాలో దాదాపు అంతటా మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. 2026లో అవి మార్చి 8, నవంబరు 1. మనకు ఆ పద్ధతి లేదు. అందుకే న్యూయార్క్‌తో తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర.

క్లయింట్ రోజూ సాయంత్రం 6కి ఫైలు పెడతాడనుకోండి. వేసవిలో అది మనకు తెల్లవారుజామున 3:30. జూన్‌లో పని మొదలుపెట్టినవాళ్లు అరగంట వెసులుబాటు ఉంచి జాబ్‌ని 4:00కి పెడతారు. నవంబరులో అదే ఫైలు 4:30కి వస్తుంది. 4:00కి జాబ్‌కి దొరికేది నిన్నటి ఫైలు. దాన్నే ప్రాసెస్ చేసేస్తుంది. ఫోల్డర్ ఖాళీగా ఉంటే జాబ్ ఫెయిలయ్యేది, మనకి తెలిసేది. మొదటిసారి నాకు ఇది తెలిసేసరికి మూడు రోజులు తప్పు డేటా వెళ్లిపోయింది. నైట్ షిఫ్ట్ కుర్రాడి మీద పైవాళ్లకి ఫిర్యాదు మెయిల్ పెట్టింది నేనే. అతని తప్పేమీ లేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పరిష్కారం: జాబ్ టైముని యూటీసీకి (ప్రపంచమంతా ఒకటే ఉండే ప్రామాణిక టైముకి) మార్చేస్తే చాలంటారు. చాలదు. యూటీసీ కదలదు, ఫైలు వచ్చే టైము కదులుతుంది. షెడ్యూలర్‌లో (జాబ్ ఎప్పుడు నడవాలో పెట్టే చోట) టైమ్‌జోన్ అమెరికా/న్యూయార్క్ అని ఎంచుకుని సాయంత్రం 6:30 ఇవ్వండి. ఈఎస్‌టీ (న్యూయార్క్ చలికాలపు టైము) అని పెట్టొద్దు, దానికి వేసవి మార్పు ఉండదు. ఫైలు లోపలి తేదీ న్యూయార్క్‌లో ఆ రోజుది కాకపోతే జాబ్ ఆగిపోయేలా ఒక చెక్ కూడా తప్పకుండా రాయండి. ఫైలు ఏ కారణంతో లేటైనా అది పట్టేస్తుంది.

లండన్ నుంచి కూడా ఫైళ్లు వస్తుంటే గుర్తుంచుకోండి, అక్కడ గడియారం మారేది మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో.

సర్వర్ గడియారం తప్పడం, ఫైలు పాడవడం లాంటివి చాలా అరుదు. టైములు రెండూ సరిగ్గా ఉన్నాయని తేలాకే అటు వెళ్లండి.

సరిచేశాక గడియారం మారిన ఆదివారం నుంచి నడిచిన రన్‌లన్నీ వరసగా మళ్లీ వేయండి, ఏ తేదీల అంకెలు మారాయో క్లయింట్‌కి మెయిల్ పెట్టండి.