అవార్డుల వేదికపై జాతి ప్రస్తావనతో హాస్యం రాసేటప్పుడు

హాస్యం రాయడానికి కూర్చునే ముందు ఒక లెక్క రాయండి. ఒక కాగితం మీద నామినేషన్ పొందినవారి పేర్లు, బహుమతులు అందజేయడానికి వచ్చేవారి పేర్లు, మాట లేకుండా వేదిక మీద కనిపించేవారి పేర్లు విడివిడిగా రాసుకుని, వారిలో ఏ జాతివారు, ఏ దేశ సంతతివారు ఎందరున్నారో చూసుకోండి. ఆస్కార్‌లో నటనకు 4 విభాగాలు, ఒక్కొక్కదానిలో 5 స్థానాలు, మొత్తం 20 ఉంటాయి. 2015లోను, 2016లోను ఆ 20 స్థానాలూ తెల్లజాతి నటీనటులకే దక్కాయి. 2015 జనవరిలో ఏప్రిల్ రీన్ అనే ఆమె ‘ఆస్కార్స్ సో వైట్’ అనే హ్యాష్‌ట్యాగ్‌ను మొదలుపెట్టినప్పుడు ఆమె చేసిన పని ఈ లెక్క చెప్పడమే. ప్రేక్షకులకు ఈ లెక్క ముందే తెలిసి ఉంటుంది కాబట్టి, దాన్ని ఎరగనట్టు రాసిన హాస్యం మొదటి వాక్యంలోనే తేలిపోతుంది.

అయితే అంకెలు అన్నీ చెప్పవు. 1940లో హ్యాటీ మెక్‌డానియెల్ ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి కళాకారిణి అయ్యారు. ఆ వేడుక జరిగిన అంబాసడర్ హోటల్లో నల్లవారికి ప్రవేశం లేనందున ఆమెను ప్రత్యేక అనుమతితో లోపలికి రానిచ్చి, తన చిత్ర బృందంతో కాక, గోడ పక్కన వేసిన చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు. విజేతల పట్టికను మాత్రమే చూసేవారికి ఆ బల్ల కనిపించదు. అందువల్ల మీ లెక్కలో ఎవరు గెలిచారన్నదానితో పాటు ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారన్నది కూడా ఉండాలి.

ఇప్పుడు 2016 ఫిబ్రవరి 28 నాటి ఆస్కార్ రాత్రిని దగ్గరగా చూడండి, ఎందుకంటే చేయదగినదీ చేయకూడనిదీ రెండూ ఒకే వేదిక మీద, ఒకే వ్యాఖ్యాత నోటి వెంట ఆ రోజు వినిపించాయి. వ్యాఖ్యాత క్రిస్ రాక్ నల్లజాతి హాస్యనటుడు. ఆయన ఆరంభ ప్రసంగంలో ఆ వేడుకను తెల్లవారి అభిరుచికి ఇచ్చే అవార్డులుగా వర్ణించి, వ్యాఖ్యాతలకు కూడా నామినేషన్లు ఉంటే తనకు ఈ పని దక్కేది కాదన్నారు. ఆ మాటల బరువంతా తనను పిలిచిన, ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ మీద, ఎదురుగా కూర్చున్న పరిశ్రమ పెద్దల మీద పడింది. వారికి జవాబు చెప్పే స్థానం ఉంది, తమ తీరు మార్చుకునే అధికారమూ ఉంది. అందుకే ఆ హాస్యం నిలబడింది.

అదే రాత్రి కొంతసేపటికి ఆయన ఓట్ల లెక్కింపు సంస్థ ప్రతినిధులను పరిచయం చేస్తున్నానని చెప్పి, సూట్లు వేసుకుని, బ్రీఫ్‌కేసులు పట్టుకున్న ముగ్గురు ఆసియా సంతతి పిల్లలను వేదిక మీదకు రప్పించారు. ఆసియావారంటే లెక్కల్లో గట్టివారన్న పాత మూసను, ఆ పిల్లల్లో ఒకరికి యూదు పేరు తగిలించడంతో యూదులంటే డబ్బు లెక్కల్లో దిట్టలన్న ఇంకొక మూసను కలిపి వాడుకున్నారు. ఈ హాస్యం నచ్చనివారు ఫోన్‌లో ట్వీట్ చేసుకోవచ్చని, ఆ ఫోన్‌ను తయారు చేసింది కూడా ఈ పిల్లలేనని అన్నారు. పిల్లలకు ఒక్క మాట కూడా రాయలేదు. బాల కార్మికుల కష్టం నవ్వుకు సరుకైపోయింది. నొచ్చుకున్నవారు నోరు తెరవకముందే వారి ఫిర్యాదును కూడా హాస్యంలో కలిపేసి ఆ దారి మూసేశారు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఈ చివరిదే. వివక్ష గురించి మాట్లాడడానికే కేటాయించినట్టున్న ఒక సాయంత్రం, ఒక జాతికి జరిగిన అన్యాయం చెబుతూ మరో జాతి పిల్లలను బొమ్మల్లా నిలబెట్టింది. ఆంగ్ లీ, శాండ్రా ఓ, జార్జ్ టకై సహా ఆసియా సంతతికి చెందిన 25 మంది అకాడమీ సభ్యులు నిరసన లేఖ రాశారు. అకాడమీ క్షమాపణ చెప్పింది.

ఈ ఘటన నుంచి నేను తీసుకున్న పద్ధతి సులువైనది. హాస్య వాక్యం రాసిన వెంటనే దాని కింద, ఆ మాటను మోయవలసిన మనిషి ఎవరో రాయండి. ఆ మనిషి ఆ సభలో ఉన్నారా, వారి చేతికి మైకు అందుతుందా, జవాబు చెబితే వారికి నష్టం ఉందా అని చూడండి. ఆ తర్వాత వాక్యంలోంచి జాతి పేరు తీసేసి చదవండి. అప్పుడు ఏమీ మిగలకపోతే, మీరు రాసింది జాతి పేరే తప్ప హాస్యం కాదు. ఉదాహరణకు, ‘ఓట్లు సరిచూడడానికి ఇండియన్లను పిలిచాం, ఇక లెక్క తప్పదు’ అన్న వాక్యం పొగడ్తలా కనిపించినా, ఇండియన్లన్న మాట తీసేస్తే అందులో ఏమీ లేదు. దాని స్థానంలో, ‘మా జాబితాలో ఇరవై పేర్లున్నాయి, వైవిధ్యం మాత్రం ఇంటిపేర్లలోనే ఉంది’ అని రాస్తే, బరువు జాబితా తయారుచేసిన నిర్వాహకుల మీదకు వెళుతుంది.

వ్యాఖ్యాత స్వయంగా వివక్షకు గురైన జాతికి చెందినవారైతే వారికి కొంత చనువు ఉంటుంది. ఆ చనువు వారి సొంత జాతి అనుభవం వరకే. పక్క జాతి మీదకు అది పాకదని క్రిస్ రాక్ ఉదంతమే చెబుతుంది. ఇక ముఖానికి నల్లరంగు పులుముకోవడం, యాసను అనుకరించడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2012 ఆస్కార్ వేడుకకు వ్యాఖ్యాత అయిన తెల్లజాతి హాస్యనటుడు బిల్లీ క్రిస్టల్ ఆరంభ దృశ్యంలో ముఖానికి రంగు వేసుకుని నల్లజాతి గాయకుడు శామీ డేవిస్ జూనియర్‌గా కనిపించారు, విమర్శలు ఎదుర్కొన్నారు. ఆ పని మానేయండి.

పేర్ల విషయంలో మాత్రం ఎంత శ్రద్ధ పెట్టినా ఎక్కువ కాదు. 2023 మార్చి 12న ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ పాటకు కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్న రాత్రి, వ్యాఖ్యాత జిమ్మీ కిమ్మెల్ ఆ చిత్రాన్ని బాలీవుడ్ సినిమాగా ప్రస్తావించారు. దానిలో దురుద్దేశం ఉండకపోవచ్చు, కానీ ఒక భాషను, ఒక పరిశ్రమను ఒక్క ముక్కతో చెరిపేసినట్టయింది. ఆ పాటకు వేదిక మీద ముందు నిలబడి ఆడిన ఇద్దరు ప్రధాన నర్తకులు దక్షిణాసియా సంతతివారు కాకపోవడం మీద కూడా విమర్శ వచ్చింది. పాట మన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల గొంతుల్లోనే వినిపించింది కాబట్టి చాలామంది ఆ లోటును గమనించలేదు. మాట లేకుండా కనిపించేవారిని కూడా లెక్క రాసుకోమన్నది ఇందుకే. ఇదే రాత్రి కీరవాణి తన కృతజ్ఞతలను తాను చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన ఒక ఆంగ్ల పాట వరుసలో పాడారు. సభ నవ్వింది, ఎవరూ చిన్నబోలేదు.

ఆ ‘బాలీవుడ్’ మాటకు మనం ఎంత నొచ్చుకున్నామో, అమెరికాలోని మన తెలుగు సంఘాల వేదికల మీద స్క్రిప్ట్ రాసేటప్పుడు అంతే గుర్తుంచుకోవాలి. చైనీయుల కళ్ల మీద, నల్లవారి రంగు మీద, మెక్సికన్ల పనుల మీద విసుర్లు మన సభల్లోనూ వినబడతాయి. వారికి తెలుగు రాదు కదా అన్న ధైర్యంతో అనే మాట మరీ తప్పు, ఎందుకంటే దానికి జవాబు చెప్పే అవకాశం వారికి బొత్తిగా లేదు. వారితో కలిసి బడికి వెళ్లే మన పిల్లలు ముందు వరుసలో కూర్చుని అన్నీ వింటుంటారు. శ్రీకాకుళం యాసను, తెలంగాణ యాసను తక్కువ చేసే పంచ్‌లను కూడా ఇదే పద్ధతితో పరీక్షించి చూడండి.

స్క్రిప్ట్ పూర్తయ్యాక, అందులో ప్రస్తావనకు వచ్చిన సముదాయానికి చెందిన కనీసం ఇద్దరికి చదివి వినిపించండి. ఒక్కరే ఉంటే మొహమాటానికి సరేనంటారు. ఇద్దరుంటే ఒకరినొకరు చూసుకుని నిజం చెబుతారు. నవ్వు రావడానికి ముందు వారి ముఖంలో ఒక క్షణం తటపటాయింపు కనిపిస్తే ఆ వాక్యం తీసేయండి, వాదించకండి. అతిథుల పేర్లు ఎలా పలకాలో వారినే అడిగి, తెలుగు అక్షరాల్లో టెలీప్రాంప్టర్‌లోకి ఎక్కించండి.

హాస్యం చేసినంతమాత్రాన బాధ్యత తీరిపోదని నిర్వాహకులకు కూడా చెప్పండి. 2021 ఫిబ్రవరిలో గోల్డెన్ గ్లోబ్స్ సినిమా, టీవీ అవార్డుల వేడుకలో వ్యాఖ్యాతలు టీనా ఫే, ఎమీ పోలర్ ఆ అవార్డులిచ్చే సంఘంలో నల్లజాతి సభ్యులే లేరన్న విషయాన్ని వేదిక మీదే ఎత్తిచూపారు. గురి సరైనదే, కానీ ఆ మాటతో సంఘం మారలేదు. 2022 వేడుకను ప్రసారం చేయబోమని అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీ తేల్చి చెప్పాక గాని కదలిక పెరగలేదు. ఆస్కార్ అకాడమీ 2016లో 683 మంది కొత్త సభ్యులను ఆహ్వానించడం, 2024 వేడుక నుంచి ఉత్తమ చిత్రానికి వైవిధ్య ప్రమాణాలను వర్తింపజేయడం ఇలాంటి ఒత్తిడి వల్లనే జరిగాయి.

పిల్లలను వేదిక ఎక్కించాలనుకుంటే, స్క్రిప్ట్‌ను ముందు రోజే వారి తల్లిదండ్రుల చేతికిచ్చి పూర్తిగా చదవనివ్వండి. ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ పలకడానికి సొంతంగా ఒక మాట రాయండి, ఆ మాట పూర్తయ్యేదాకా మైకును వారి దగ్గరే ఉంచండి.