మోటారు కింది భాగానికి దెబ్బ తగిలిందా? చేయి పెట్టే ముందు జాగ్రత్తలు

నది మొగ దగ్గర ఇసుక మేటకు తగిలి ఔట్‌బోర్డ్ మోటారు (పడవ వెనక బిగించేది) అడుగు రెక్క, అంటే ప్రొపెల్లర్ కింద ఉండే రెక్క, చిట్లడం కొత్తేమీ కాదు. ఆకురాయి పట్టే ముందు ఇవి చూడండి.

• తాళం తీసేస్తే చాలదు. స్పార్క్ ప్లగ్గుల వైర్లు ఊడదీయండి, బ్యాటరీ ఉంటే దాని తీగ కూడా. గేరులో ఉండగా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే ఇంజిన్ అందుకోవచ్చు. పోయేవి వేళ్లు.

• తరువాత గేర్ ఆయిల్. మోటారును నిటారుగా నిలిపి, కింది మరను కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు డబ్బా మూతలో పట్టండి. పాలు కలిపిన టీలా కనిపిస్తే లోపలికి నీరు చేరినట్లే. ఇక అది చిన్న దెబ్బ కాదు. సీలు (నీరు లోపలికి రాకుండా ఆపేది) మార్చేదాకా పడవ ఒడ్డునే ఉండాలి.

• ప్రొపెల్లర్ తీసి వెనక చూడండి. షాఫ్టుకు చుట్టుకున్న నైలాన్ వల దారం సీలును చడీచప్పుడు లేకుండా కోసేస్తుంది. ఇసుక దెబ్బ కన్నా నాకు దీని భయమే ఎక్కువ.

• నట్టు విప్పేటప్పుడు ప్రొపెల్లర్ తిరగకుండా చెక్కముక్క అడ్డం పెట్టండి. బిగించేటప్పుడు కాటర్ పిన్ను (నట్టు ఊడకుండా పట్టే చీలిక పిన్ను) కొత్తదే వేయాలి.

• అడుగు రెక్క అంచు మాత్రమే చిట్లితే ఆకురాయి చాలు. గేరు పెట్టెకే పగులు ఉంటే పైపూతలతో కాలం గడపకుండా మెకానిక్‌కు చూపించండి.

• రాగి కలిసిన రంగు అల్యూమినియంపై పూయకండి, తినేస్తుంది.