చెక్కడం అయ్యాక శాండ్ పేపర్ పట్టకండి

చెక్క మీద లతలు, పూలు చెక్కేవాళ్లకు ఒక మాట. చెక్కడం అవగానే శాండ్ పేపర్ అందుకోకండి. ఓపిగ్గా తేల్చిన అంచులన్నీ దాని కింద గుండ్రంగా అరిగిపోతాయి.

అమెరికాలో పెన్సిల్వేనియా లాంగ్ రైఫిళ్లనే పొడవాటి తుపాకులను ఇప్పటికీ చేత్తో చేసే పనివాళ్లున్నారు. 18వ శతాబ్దంలో అక్కడికి వలస వచ్చిన జర్మన్ పనివాళ్ల పద్ధతి అది. తుపాకీ కర్ర భాగం ఎక్కువగా నార అలలు తిరిగిన మేపుల్ చెక్క. దాని మీద చెక్కడం లేచేది మిల్లీమీటరు అటూ ఇటూ, అంతే! అంత పలచని పనిలో అంచు పోతే ఇంకేం మిగలదు. అందుకే వాళ్లలో చాలామంది పదునైన ఉక్కు రేకుతో గీకి నునుపు చేస్తారు.

గీకాక తడిగుడ్డతో ఒకసారి తుడవండి. ఆరనిస్తే సన్నటి నూగు లేస్తుంది, వేలితో రాస్తే గరగరలాడుతుంది. దాన్ని రేకుతో తేలిగ్గా, నొక్కకుండా గీకేయండి. నూగు లేవడం ఆగేదాకా ఇలాగే తడిపి, ఆరబెట్టి, గీకాలి. ఈ పని మానేస్తే రంగులోని తడికి నూగంతా పైకొచ్చి మచ్చలు పడతాయి.

అలలున్న చెక్కలో నార తరచూ దిశ మారుస్తుంది. రేకు చీల్చుతున్నట్టు అనిపిస్తే ఎదురు వైపు నుంచి రండి. దీపం పక్క నుంచి పడేలా పెట్టుకోండి, నీడలో ప్రతి గీతా కనిపిస్తుంది. మన టేకు తలుపుల మీది నగిషీకీ ఇదే పద్ధతి పనికొస్తుంది.